చావు డప్పు కాదు, జాజ్

పోయిన నెల ఆఫీసులో పక్క సీటు కుర్రాడు ఏదో అడగడానికొచ్చాడు. రెండుసార్లు పిలిచినా నేను పలక్కపోయేసరికి, చనువు కొద్దీ నా ఎడమ చెవిలోంచి ఇయర్‌ఫోను లాగి తన చెవిలో పెట్టుకున్నాడు. మూడు సెకన్లు విన్నాడేమో, ఠక్కున తీసేసి "ఇదేంటన్నా, ఎవరైనా పోయారా? చావు డప్పులా ఉంది" అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. (నవ్వక ఏం చేస్తాం!)

అతను విన్నది జాన్ కోల్ట్రేన్ 'అసెన్షన్'. పదకొండు మంది కలిసి, నలభై నిమిషాల పాటు, స్వరం రాసుకున్న కాగితాలు దాదాపు లేకుండా వాయించిన రికార్డు. సంగీతం తెలిసినవాళ్ళలోనే సగం మందికి ఇది గోల. కాబట్టి ఆ కుర్రాణ్ణి తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే అతనన్న ఆ రెండు మాటలు నాకు తగిలిన చోటు వేరే ఉంది. అక్కడికి వస్తాను గానీ, ముందు ఈ గోల నా నెత్తికెలా ఎక్కిందో చెప్తాను.

2007లో ఆన్‌సైట్ మీద న్యూజెర్సీలో ఉండేవాణ్ణి. ఎడిసన్‌లో నలుగురం కలిసి ఒక అపార్ట్‌మెంటు, ఒక రైస్ కుక్కరు, ఒక పాత కారు. మా క్లయింటు దగ్గర డేటాబేసులు చూసే ఒక పెద్దాయన ఉండేవాడు. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు, మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు నా పక్కన కూర్చునేవాడు. ఏం వింటావని ఒకరోజు అడిగితే ఇళయరాజా గురించి ఓ అరగంట ఊదరగొట్టాను. మర్నాడు ఒక సీడీ తెచ్చిచ్చాడు. ఆర్నెట్ కోల్‌మన్ 'ఫ్రీ జాజ్'.

ఆ రాత్రి హాల్లో స్పీకర్లకి పెట్టాను. నాలుగు నిమిషాలు కూడా కాలేదు, రూమ్మేట్లు ముగ్గురూ "ఆపరా బాబూ!" అని ఒకటే కేకలు. నిజం చెప్పాలంటే నాకూ ఆపితేనే ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది మంది ఒకేసారి ఎవరికి తోచింది వాళ్ళు వాయిస్తున్నట్టుంది. సీడీ తిరిగిచ్చేస్తూ మర్యాద కోసం "బాగుంది" అన్నాను. ఆయనకి అర్థమైపోయింది. "హెడ్‌ఫోన్స్‌లో విను. కుడి చెవిది తీసేసి విను. తర్వాత ఎడమది తీసేసి విను" అన్నాడు. అంతే చెప్పాడు.

ఆ మాట వెనక ఉన్న కథ ఇది. 1960 డిసెంబరు 21న న్యూయార్కులో ఆర్నెట్ కోల్‌మన్ రెండు క్వార్టెట్లని ఒకే గదిలో కూర్చోబెట్టాడు. రికార్డులో ఒక క్వార్టెట్టు ఎడమ చానెల్లో, రెండోది కుడి చానెల్లో వినబడుతుంది. ఎడమవైపు కోల్‌మన్ సాక్సఫోను, డాన్ చెర్రీ, స్కాట్ లఫారో, బిల్లీ హిగిన్స్. కుడివైపు బాస్ క్లారినెట్ పట్టుకుని ఎరిక్ డాల్ఫీ, ఫ్రెడ్డీ హబర్డ్, చార్లీ హేడెన్, ఎడ్ బ్లాక్‌వెల్. ముప్ఫయ్యేడు నిమిషాలు ఆపకుండా ఒకే టేక్. అంటే మీరు ఒక చెవి మూసుకుంటే ఎనిమిది మంది కాస్తా నలుగురైపోతారు. నలుగురిని వినడం కష్టం కాదు. ఎడమవైపు నలుగురూ కాస్త అలవాటయ్యాక కుడి చెవిలో రెండోది పెట్టుకోండి. అప్పుడు తెలుస్తుంది, అటువైపు వాళ్ళు వీళ్ళకి జవాబిస్తున్నారని. ఒకడు సోలో వాయిస్తుంటే వెనక మిగతావాళ్ళు ఊరికే లేరు. మధ్యలో ఊఁ కొడుతున్నారు, అడ్డం పడుతున్నారు, వెక్కిరిస్తున్నారు కూడా.

నాకు ఇదంతా ఒక్క రోజులో రాలేదు. ఆరు నెలలు పట్టింది. రోజూ ట్రైన్లో ఒక చెవి తీసేసి కూర్చునేవాణ్ణి. చూసేవాళ్ళకి ఇయర్‌ఫోను పాడైందేమో అనిపించి ఉంటుంది.

అసలీ 'ఫ్రీ' అంటే ఏంటో ఓ ముక్క చెప్పాలి. మామూలు జాజ్‌లో ఒక పాట ఉంటుంది, దానికి కార్డుల వరుస ఒకటుంటుంది, ఆ వరుస మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. దాని మీద వంతులవారీగా ఒక్కొక్కరూ కల్పన చేస్తారు. డ్యూక్ ఎలింగ్టన్ లాంటి వాళ్ళ పెద్ద బాండుల్లో అయితే పదిహేను మందికి పైన ఉంటారు కాబట్టి ఎవరెక్కడ వాయించాలో చాలావరకు కాగితం మీద రాసి ఉంటుంది. కోల్‌మన్ ఆ కార్డుల వరుసని తీసి పక్కన పెట్టాడు. ఒకడో ఇద్దరో ఉంటే అది పెద్ద సమస్య కాదు, ఒకరినొకరు చూసుకుంటూ లాక్కొచ్చేయొచ్చు. ఎనిమిది మందో, పదకొండు మందో, ఇరవై మందో అయితే? ఎవరు మొదలెట్టాలి, ఎవరు ఆగాలి, పక్కవాడు గట్టిగా ఊదుతుంటే నువ్వు తగ్గాలా, పెంచాలా? లాకులు లేని మల్టీథ్రెడింగ్ అన్నమాట. మన ప్రోగ్రాములైతే ఈ పాటికి క్రాష్ అయ్యుండేవి. వీళ్ళు క్రాష్ అవలేదు, ఎందుకంటే ప్రతి ఒక్కడూ మిగతా అందరినీ వింటూ వాయిస్తున్నాడు. పెద్ద బృందాల ఫ్రీ జాజ్ మీద నాకు పిచ్చి పట్టింది ఇక్కడే. సోలో ఫ్రీ జాజ్ నాకు ఇప్పటికీ అంత ఎక్కదు.

1962 జనవరిలో డౌన్‌బీట్ పత్రిక ఈ రికార్డుకి రెండు సమీక్షలు పక్కపక్కనే వేసింది. ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చాడు, రెండో ఆయన సున్నా. సున్నా ఇచ్చిన జాన్ టైనన్ అంతకు ముందు ఏడాదే కోల్ట్రేన్‌నీ డాల్ఫీనీ కలిపి 'యాంటీ జాజ్' అని తిట్టిపోశాడు.

ఆ తిట్లు తిన్న కోల్ట్రేన్ 1965 జూన్ 28న మరో పది మందిని తీసుకుని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోకి వెళ్ళాడు. అదీ న్యూజెర్సీయే! మా ఎడిసన్ నుంచి కార్లో గంట కూడా పట్టదు. వాన్ గెల్డర్ చాలా ఏళ్ళు పగలు కళ్ళజోళ్ళకి పరీక్షలు చేసే ఉద్యోగం చేసుకుంటూ, మిగతా టైములో రికార్డింగులు చేసినవాడు. మొదట్లో స్టూడియో అంటే అమ్మానాన్నల ఇంట్లో ముందుగదే. (వీకెండ్ ప్రాజెక్టులున్నవాళ్ళు గమనించగలరు.)

ఆ రోజు టెనర్ సాక్సఫోన్లు మూడు: కోల్ట్రేన్, ఫారో శాండర్స్, ఆర్చీ షెప్. ఆల్టోలు రెండు, ట్రంపెట్లు రెండు, బాసులు రెండు. పియానో మీద మెకాయ్ టైనర్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్. ట్రంపెట్లలో ఒకటి ఫ్రెడ్డీ హబర్డ్‌ది. అవును, 'ఫ్రీ జాజ్'లో కుడి చెవిలో ఉన్న ఆ హబర్డే. ఈ నలభై నిమిషాల నిర్మాణం చాలా సింపుల్. అందరూ కలిసి, ఒకరి సోలో, మళ్ళీ అందరూ కలిసి, ఇంకొకరి సోలో... ఇలా చివరిదాకా. అందరూ కలిసినప్పుడు వచ్చేదే మా ఆఫీసు కుర్రాడు విన్న మూడు సెకన్లు. దానికి భయపడి పారిపోకుండా ఉంటే, ఆ మోతలోంచి ఒక్కొక్క మనిషి బయటికొస్తాడు, తన మాట చెప్పుకుంటాడు, మళ్ళీ మోతలో కలిసిపోతాడు. చివర్లో అందరూ తప్పుకుని రెండు బాసులు మాత్రమే మిగిలే చోటు ఒకటుంది. అంత మోత తర్వాత అక్కడ ఇల్లు ఖాళీ అయినట్టుంటుంది. నేను ఈ రికార్డు పెట్టుకునేది సగం దానికోసమే.

మనవాళ్ళకి నచ్చే ముచ్చట ఇంకోటి. ఆ రోజు రెండు టేకులు తీశారు. 1966లో ఒక టేకుతో రికార్డు విడుదలైంది. తర్వాత కోల్ట్రేన్ "నాకు రెండోదే ఇష్టం" అనేసరికి, కంపెనీ అట్ట మార్చకుండా, నంబరు మార్చకుండా లోపలి సంగీతం మార్చేసింది. రికార్డు అంచున 'ఎడిషన్ 2' అని గీకి ఉంటే కొత్తది, లేకపోతే పాతది. వెర్షన్ నంబరు పెంచకుండా ప్రొడక్షన్‌లో బిల్డ్ మార్చెయ్యడం మనం కనిపెట్టిన విద్య కాదన్నమాట! ఇప్పుడు రెండూ దొరుకుతాయి. సోలోల వరుస కూడా రెండింట్లో కాస్త తేడా. మొదటిసారి వినేవాళ్ళు రెండో ఎడిషనే వినండి, ఆయన మాటే వేదం.

అన్నట్టు, ఈ రికార్డింగు జరిగిన ఆరు వారాల్లోపే, ఆగస్టు 6న, కోల్ట్రేన్‌కి కొడుకు పుట్టాడు. పండిట్ రవిశంకర్ మీద గౌరవంతో రవి అని పేరు పెట్టుకున్నారు. నల్లవాళ్ళ ఓటు హక్కు చట్టం మీద అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టింది కూడా సరిగ్గా ఆ రోజే. 1967లో కోల్ట్రేన్ పోయాక ఆయన భార్య ఆలిస్ కోల్ట్రేన్, ఆవిడా గొప్ప సంగీతకారిణే, 1970లో ఇండియా వచ్చింది. తర్వాత పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, 1983లో కాలిఫోర్నియాలో పెట్టిన ఆశ్రమానికి 'సాయి అనంతం' అని పేరు పెట్టుకుంది. అసెన్షన్ నుంచి అనంతపురం జిల్లాకి దారి ఉందంటే నా రూమ్మేట్లు నమ్మలేదు.

ఆ తర్వాత యూరప్‌లో ఇది ఇంకో అవతారం ఎత్తింది. 1966లో బెర్లిన్ జాజ్ ఉత్సవం కోసం అలెగ్జాండర్ ఫాన్ ష్లిప్పెన్‌బాఖ్ 'గ్లోబ్ యూనిటీ ఆర్కెస్ట్రా' కట్టాడు. (అదే ఉత్సవంలో 1983లో పద్నాలుగేళ్ళ మన పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ వాయించాడు.) 1968లో పీటర్ బ్రోట్స్‌మన్ ఎనిమిది మందితో 'మెషిన్ గన్' తీశాడు. పేరుకి తగ్గట్టే ఉంటుంది, గౌరవిస్తాను గానీ మళ్ళీ మళ్ళీ పెట్టుకోను. 1970లో ఇంగ్లండులో కీత్ టిపెట్ యాభై మందిని పోగేసి 'సెంటిపీడ్' అన్నాడు, అది నాకు కలగూరగంపలా అనిపించింది. వీళ్ళందరి కంటే నాకు సన్ రా ఆర్కెస్ట్రా ఇష్టం. ఫిలడెల్ఫియాలో ఒకే ఇంట్లో కలిసుండి, వేళాపాళా లేకుండా సాధన చేసిన మనుషులు. వాళ్ళలో మార్షల్ ఆలెన్‌కి 2024లో నూరేళ్ళు నిండాయి.

సరే, ఇప్పుడు ఆ 'చావు డప్పు' దగ్గరికి వస్తాను.

మాది బొంరాస్‌పేట. పరిగి దాటి కొడంగల్ వైపు పోతుంటే వస్తుంది. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వికారాబాద్ జిల్లా. మా నాయనమ్మ 2009 ఫిబ్రవరిలో పోయింది. నేను న్యూజెర్సీ నుంచి తిరిగొచ్చి అప్పటికి ఏడాది. కబురందగానే హైదరాబాద్ నుంచి బయల్దేరాను, లాప్‌టాప్, డాటా కార్డు బ్యాగులో వేసుకుని మరీ. ఎందుకంటే ఆ రాత్రే రిలీజు.

బంధువులు రావాలి కాబట్టి శవాన్ని మర్నాటిదాకా ఉంచారు. సాయంత్రం డప్పులవాళ్ళొచ్చారు. ఎనిమిది మందో తొమ్మండుగురో. వాకిట్లో గడ్డి మంట వేసి డప్పులు కాచుకుని మొదలుపెట్టారు. మా ఊళ్ళో డప్పు కొట్టేవాళ్ళు ఏ వాడ నుంచి వస్తారో, వాళ్ళు వాకిట్లోనే ఎందుకుంటారో, వాళ్ళకి టీ ఏ గ్లాసుల్లో ఇచ్చేవాళ్ళో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ నాకు ఆ మోత అంటే చావో, చాటింపో. అది సంగీతమని ఇంట్లో గానీ బళ్ళో గానీ ఎవరూ అనలేదు. సంగీతం అంటే రేడియోలో వచ్చేది.

రాత్రి తొమ్మిదికి కాల్ మొదలైంది. వెనక గదిలో తలుపేసుకుని కూర్చున్నా ఏమీ వినబడట్లేదు. అవతలివాళ్ళు "నీ వెనక ఆ శబ్దం ఏంటి" అని రెండుసార్లు అడిగారు. మూడోసారి అడిగాక లేచి బయటికొచ్చాను. జేబులో ఎంత ఉందో అంతా తీసి పెద్దాయన చేతిలో పెట్టి "ఇంక చాలు, ఆపెయ్యండి. పొద్దున తీసేటప్పుడు కొడితే చాల్లే" అన్నాను.

ఆయన డబ్బులు లెక్క పెట్టలేదు. "సరే పటేలా" అన్నాడు. కాస్సేపాగి, "అవ్వ ఇనేది పటేలా మా దెబ్బ. పీర్ల పండుగకు అరుగు మీద కూసొని పొద్దు బొడిశేదాంక ఇనేది. ఎవరు రాకున్నా పసిగట్టేది. ఇయ్యాల ఎడమ దిక్కు దెబ్బ సప్పగున్నది, వాడు రాలేదారా అనేది" అన్నాడు.

నాకు కాల్‌కి టైమవుతోంది. తల ఊపి లోపలికెళ్ళిపోయాను. రిలీజు బాగా జరిగింది. మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది.

ఆయనన్న మాట అప్పుడు నా బుర్రకెక్కలేదు. నెల తర్వాత, ఆఫీసు బస్సులో, అలవాటు ప్రకారం కుడి చెవిది తీసేసి 'ఫ్రీ జాజ్' వింటున్నాను. ఎడమ దిక్కు. నేను ఆరు నెలలు, ఒక అమెరికా పెద్దాయన సలహా, హెడ్‌ఫోన్లు పెట్టి నేర్చుకున్న విద్య అరుగు మీద కూర్చున్న మా నాయనమ్మకి ఎప్పుడో వచ్చు. పదిహేను డప్పుల మోతలో ఒక్కడు తగ్గితే ఆవిడకి తెలిసేది, ఏ వైపు తగ్గాడో కూడా తెలిసేది. అలాంటి మనిషి చివరి రాత్రి, ఆవిడ కోసం వచ్చినవాళ్ళని డబ్బులిచ్చి నోరు మూయించాను. అదీ సున్నా నక్షత్రాల సమీక్షలు రాసినవాళ్ళని తిట్టుకుంటూ తిరిగే రోజుల్లో.

ఇది చదివి "చూశారా, జాజ్ మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు" అని ఎవరూ ఛాతీ విరుచుకోవద్దని మనవి. డప్పుకీ ఫ్రీ జాజ్‌కీ పోలిక కొంత దూరమే వస్తుంది. డప్పులో దరువు కట్టుదిట్టంగా ఉంటుంది, ముందుండేవాడు దరువు మారిస్తే అందరూ ఒక్కసారిగా మారతారు. చావుకొక దరువు, పెళ్ళికొకటి, పీర్లకొకటి. ఎవడిష్టం వాడిది అంటే కుదరదు. కోల్‌మన్ చేసింది దానికి దాదాపు ఎదురు. పైగా కోల్ట్రేన్ పేరు కంపెనీ అట్ట మీద వేసింది. మా ఊరి డప్పుల్లో ఎడమ దిక్కు నిలబడేవాడి పేరు మా నాయనమ్మకి తెలుసు, నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

2025 జులైలో పీర్ల పండుగకి ఊరికెళ్ళాను. ఈసారి లాప్‌టాప్ లేదు. రాత్రి అలావ చుట్టూ జనం, గుండంలో నిప్పులు, పీర్లు లేచాక ఆరు డప్పులు. ఆరే. కుర్రాళ్ళు చాలామంది హైదరాబాద్‌లో పనుల్లో ఉన్నారట, కొందరు తాండూరు నాపరాళ్ళ గనులకి పోతారట. మా ఆవిడకి వినిపిద్దామని ఫోన్ చేశాను. "ఏమీ వినబడట్లేదు, నీ గొంతొక్కటే వస్తోంది" అంది. ఫోన్లో నాయిస్ సప్రెషన్ అని ఒకటుంటుంది కదా, మాట కానిదాన్నంతా చెత్త కింద లెక్కేసి ఊడ్చేస్తుంది. ఆరు డప్పుల్నీ శుభ్రంగా ఊడ్చేసింది. 2009లో ఇదుంటే నాకు జేబులో డబ్బులు మిగిలేవి.

ఫోన్ జేబులో పెట్టేసి, మా పాత ఇంటి అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నలుగురి దాకా విడదీయగలిగాను. మిగతా ఇద్దరు ఒకరిలో ఒకరు కలిసిపోయారు, ఎంత ప్రయత్నించినా రాలేదు.

పెద్దాయన పోయి అయిదేళ్ళయిందట. ఆయన కొడుకు వాయిస్తున్నాడు, నా ఈడువాడే. మధ్యలో డప్పు మెత్తబడితే కాచుకోడానికి ఇటువైపొచ్చాడు. పక్కకి పిలిచి ఆ రాత్రి సంగతి ఎత్తాను. ఏదో చెప్పాలని రెండు మూడు వాక్యాలు మనసులో కూర్చుకునే వెళ్ళాను గానీ, అతను నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"యాదికున్నదన్నా, నేను గూడ ఉంటి ఆ దినం. పైసలు నిండుగనే ఇస్తివి గదా" అని, డప్పుని మంట మీద ఓసారి తిప్పి, వేలితో తట్టి చూసుకుని, మళ్ళీ గుంపులోకి వెళ్ళిపోయాడు. ఎడమ దిక్కుకి.